పెండ్లి పంచరత్నాలు



మన పెండ్లిళ్లలో ఇచ్చే కానుకలకు ‘చదివింపులు’ అని పేరు. పట్టుచీర కానీయండి, ఇత్తడి బిందె కానీయండి, పదకొండు రూపాయలు కానీయండి, పందిట్లో ఒకాయన కూర్చుండి ఇచ్చినవారి పేరు, ఊరు, వరుస, ఇచ్చిన వస్తువు నలుగురికీ వినపడేటట్లు చదివేవాడు. పక్కనున్న మరొకాయన దానిని పుస్తకంలో ఎక్కించేవాడు. ఇవ్వడంకన్న చదివించడమే ప్రధానమన్నట్లు భాష ఆ పేరు పెట్టుకున్నది. అచ్చంగా చదవడానికే తయారైన కానుక కూడా ఒకటి ఉండేది. దాని గురించి ఈ నాలుగు మాటలు.

పంచరత్నాలంటే త్యాగరాజస్వామివారి కృతులు గుర్తుకు రావడం సహజమే. నేను చెప్పేవి వేరు. స్నేహితుని పెండ్లికి ఐదు పద్యాలు వ్రాసి, గులాబి రంగుదో పసుపు రంగుదో ఒక కాగితం మీద చుట్టూ పూలతీగెల బోర్డరుతో అచ్చు వేయించి, ఒక ప్రతిని అద్దం పటం కట్టించి, మిగిలిన ప్రతులను పందిట్లో పంచి, తలంబ్రాలయ్యాక రాగయుక్తంగా చదివి సమర్పించే పద్యపత్రాలు. ఎనిమిదైతే అష్టకం, తొమ్మిదైతే నవరత్నాలు. బంగారం పెట్టలేని బడిపంతులు రత్నాలు, అందునా ఐదేసి, తొమ్మిదేసి ఇచ్చేవాడన్నమాట! తెలుగునాట పాతకాలపు మధ్యతరగతి ఇండ్లలో గోడకు ఇటువంటి పటం ఒకటి కనబడేది. మా కాజీపేట, హనుమకొండ, మడికొండ ప్రాంతాల్లో నేను చూసినవి తక్కువేమీ కావు.

వీటిని కవిత్వంగా తూచి చూస్తే ఎక్కువ బరువు తూగవు. ఆ సంగతి ముందే ఒప్పుకుంటాను. మొదటి పద్యంలో కులదైవం, రెండవదానిలో వరుని వంశం, మూడవదానిలో వధువు గుణగణాలు, నాలుగవదానిలో స్నేహం, ఐదవదానిలో ఆశీస్సు. వరుడెప్పుడూ రాముడే, వధువెప్పుడూ సీతే. (అరణ్యవాసం మాట మాత్రం ఎవరూ ఎత్తరు.) అయినా వీటిని కవిత్వమని కాక చరిత్ర పత్రాలని చూడాలని నా మనవి. ఎందుకంటే, పెండ్లితంతులో చోటులేని ఒక మనిషి తనకు తాను కల్పించుకున్న చోటు ఇది.

ఆలోచించి చూడండి. మన పెండ్లిలో చేతిపని లేని వస్తువు ఉండేది కాదు. కుమ్మరి సున్నపుచారలు దిద్దిన ఐరేని కుండలు ఇవ్వాలి. కంసాలి పుస్తెమట్టెలు చేయాలి. సాలెవారి మగ్గం నుండి మధుపర్కాలు రావాలి. మేదరి గంపలు, చేటలు అల్లాలి. బాసింగాలు కట్టేవారు వేరు. మేనమామకొక పని, ఆడబిడ్డకొక పని, బావమరదికొక పని ఉన్నది. పని చేసినవారికి కట్నమూ ఉన్నది. ప్రతి వస్తువు వెనుక ఒక వరుసో ఒక వృత్తి హక్కో ఉండి తీరుతుంది. స్నేహితునికి మాత్రం ఏమీ లేదు. తోడుపెండ్లికొడుకు కూడా వరుసైన పిల్లవాడే గాని స్నేహితుడు కాడు. నిశ్చితార్థంనాడు లగ్నపత్రిక చదివేటప్పుడు అతని పేరు రాదు. శుభలేఖలో ‘బంధుమిత్రులు’ అన్న సమాసంలో చివరి సగంగా మిగిలిపోతాడు. అది ద్వంద్వ సమాసమని, ఉభయపదాలకూ ప్రాధాన్యం ఉన్నదని పిల్లలకు పాఠం చెప్పాను గాని, పందిట్లో బంధుపదానిదే పెత్తనం!

పల్లెలో పుట్టి పల్లెలోనే ఉన్నంతకాలం ఈ లోటు అంతగా తెలియదు. పక్కింటివాడు ఏదో ఒక వరుసతో అన్నో బావో అవుతాడు. వరుస కలవని స్నేహాలు పుట్టేది బడిలో, హాస్టల్లో, ఉద్యోగంలో. మా ఊరు అందుకు తగిన చోటు. సికింద్రాబాదుకు 1874లో వచ్చిన రైలుమార్గం 1886లో వరంగల్ చేరి, 1889లో బెజవాడదాకా సాగింది. 1929లో బల్హార్షా మార్గం పూర్తయ్యాక కాజీపేట ఉత్తర దక్షిణాలను కలిపే కూడలి అయింది. ఇక్కడి రైల్వే క్వార్టర్లలో ఒక వరుస ఇండ్లలోనే తెలుగువారు, తమిళులు, మరాఠీలు, ఉర్దూ మాట్లాడేవారు కాపురమున్నారు. 1959లో రీజినల్ ఇంజనీరింగ్ కాలేజీ (2002 నుండి ఎన్‌.ఐ.టి.) వచ్చాక దేశం నలుమూలల నుండి విద్యార్థులు వచ్చారు. ఒక షెడ్డులో డ్యూటీ చేసినవారు, ఒక గదిలో అద్దెకున్నవారు ఒకరికొకరు ఏమవుతారు? ఏ వరుసా కారు. అటువంటివారు కలిసి ఒక కాగితం అచ్చు వేయించి, కింద ‘ఇట్లు, మిత్రబృందము’ అని తమ పేర్లు వరుసగా వేసుకున్నారు. పెండ్లి కాగితాలన్నిటిలోనూ బంధుత్వం, కులం, గోత్రం లేకుండా పేర్లు పక్కపక్కన నిలిచే కాగితం నాకు తెలిసినంతలో అదొక్కటే.

ఇక్కడ కొంచెం పక్కదారి పట్టక తప్పదు. మా ఊరి పేరులోనే కాజీ ఉన్నాడు. వరంగల్ కాజీగా ఉండిన సయ్యద్ షా అఫ్జల్ బియాబానీ (మరణం 1856) దర్గా ఇక్కడిదే. నికాహ్ జరిపించి నమోదు చేయడం కాజీల పనుల్లో ఒకటి. అంటే పెండ్లిళ్ల లెక్క వ్రాసే అధికారి పేరుమీద వెలసిన పేట మాది. ఉర్దూవారి పెండ్లిళ్లలో ‘సెహ్రా’ ఉన్నది. సెహ్రా అంటే అసలు వరుని ముఖం మీద వేలాడే పూలమాలల జల్లు. ఆ పూలజల్లును వర్ణిస్తూ వరుని మిత్రులైన కవులు చదివే పద్యానికీ అదే పేరు వచ్చింది. 1852లో ఢిల్లీలో బహదూర్‌షా జఫర్ కుమారుడు జవాన్‌బఖ్త్ పెండ్లికి గాలిబ్ సెహ్రా వ్రాసి, చివరి ద్విపదలో కొంచెం గొప్పలు పోయాడు. పాదుషా తన గురువు జౌఖ్ చేత దానికి దీటుగా మరొక సెహ్రా వ్రాయించాడు. తరువాత గాలిబ్ సంజాయిషీగా వేరే పద్యం వ్రాసుకోవలసి వచ్చింది. పెండ్లిపద్యం ఎంత చిక్కు తెచ్చిపెట్టగలదో చూశారా! ఇంగ్లీషువారిలో స్పెన్సర్ మహాకవి 1595లో అచ్చయిన తన వివాహగీతాన్ని తన పెండ్లికి తానే వ్రాసుకున్నాడు. స్నేహితులను నమ్ముకోకపోవడం ఒక్కొక్కసారి మంచిదే.

నిజాం రాజ్యంలో బడిచదువు ఉర్దూలో సాగింది. 1918లో ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయంలోనూ బోధనాభాష ఉర్దూయే. ఆ కాలపు విద్యావంతుడైన తెలుగువానికి రెండు సంప్రదాయాలూ తెలుసు. మా ప్రాంతంలోని ఒక పాత ఇంట్లో ఒకే పెండ్లికి వచ్చిన రెండు పటాలు ఒకే మేకుల వరుసలో చూశాను. ఒకదానిలో సెహ్రా, ఒకదానిలో పంచరత్నాలు. రెండూ ఆ పెండ్లికొడుకు సహపాఠులు ఇచ్చినవే. ఎవరు ఎవరిని చూసి నేర్చుకున్నారన్న వాదంలోకి నేను పోను. మంగళాష్టకాలు చదివే అలవాటు మనకు ఎప్పటినుండో ఉన్నది. కాని స్నేహితుడే స్వయంగా వ్రాసి, పేరు వేసుకొని, నిలబడి చదవడమన్న ధైర్యంలో ఈ ఇరుగుపొరుగు ప్రభావం కొంత ఉన్నదని నాకు అనిపిస్తుంది.

తెలంగాణలో తెలుగు కవులు లేరన్న మాటకు జవాబుగా సురవరం ప్రతాపరెడ్డిగారు 1934లో వెలువరించిన గోలకొండ కవుల సంచికలో 354 మంది కవులున్నారు. అంతమంది ఎక్కడినుండి వచ్చారని పండిత శిక్షణనాడు మాలో మేము ఆశ్చర్యపడేవాళ్లం. కావ్యాలు వ్రాసినవారే కవులనుకుంటే ఆ సంఖ్య ఆశ్చర్యమే. కాని పెండ్లికో, సన్మానానికో, గృహప్రవేశానికో ఐదు పద్యాలు గణాలు తప్పకుండా వ్రాయగలవారు ఊరికొకరు ఉన్న సమాజంలో అది ఆశ్చర్యం కాదు. అభినవ పోతన వానమామలై వరదాచార్యులుగారు (1912–1984) మా పక్కనున్న మడికొండలో పుట్టినవారే. అటువంటి పెద్దచెట్టు ఒక్కటే మొలవదు. చుట్టూ పచ్చిక ఉండాలి. నేను చెబుతున్నది ఆ పచ్చిక గురించి.

పని ఎట్లా సాగేదంటే, నిశ్చితార్థం కాగానే మిత్రుడు లగ్నపత్రిక నుండి పేర్లు, తిథి, ముహూర్తం ఎత్తివ్రాసుకునేవాడు. అక్కడినుండి పెండ్లిదాకా ఉన్న పదిహేను ఇరవై రోజులే గడువు. చిక్కంతా పేర్లతోనే. పెండ్లికూతురి పేరు రాజేశ్వరి అనుకోండి. గురువు, గురువు, లఘువు, లఘువు. ఉత్పలమాలలో గాని, చంపకమాలలో గాని పాదం మధ్య ఎక్కడా రెండు గురువులు పక్కపక్కన రావు. చంపకమాలలో ఇక దారే లేదు. ఉత్పలమాలలో ఒక పాదం చివర ‘రా’ ఉంచి, తరువాతి పాదాన్ని ‘జేశ్వరి’ అని ఎత్తుకోవచ్చు గాని, పెండ్లినాడు పెండ్లికూతురి పేరు విరవడానికి ఎవరికి మనసొప్పుతుంది? సీసంలో పడుతుంది. శార్దూలంలో ఇంకా సొగసుగా పడుతుంది. ముందొక గురువు చేర్చి ‘శ్రీరాజేశ్వరి’ అన్నారా, మగణం నిండి, సగణంలోని రెండు లఘువులూ వచ్చి, శార్దూలం దానంతటదే నడక మొదలుపెడుతుంది. ఛందస్సు నేర్పడానికి నాకు ఇంతకన్న మంచి ఉదాహరణ దొరకలేదు. బడిలో పిల్లలకు వారి వారి పేర్లకు గురులఘువులు వేయించి, ‘నీ పెండ్లికి ఏ పద్యం పనికొస్తుందో చెప్పు’ అనేవాణ్ణి. నవ్వుతూనే నేర్చుకునేవారు.

ఆ ‘శ్రీ’ గురించే మరొక ముచ్చట. 1984 వేసవిలో నా ప్రాణమిత్రునికి పెండ్లి కుదిరింది. పెండ్లికూతురి పేరు సరిగ్గా ఇదే తూకం. పద్యాలు తీసుకొని హనుమకొండలో ఒక చిన్న ట్రెడిల్ ప్రెస్సుకు పోయాను. సీసపు అక్షరాలు చేత్తో ఒక్కొక్కటి ఏరి పేర్చే రోజులు. లగ్గాల కాలం. కంపోజిటర్ కేసులో వేళ్లు తిప్పి తిప్పి, “సారూ, శ్రీలు అయిపొయినయ్. ఇంకో మాటేమన్న పెట్టరాదుండ్రి” అన్నాడు. శ్రీరస్తు, శ్రీమతి, శ్రీ వేంకటేశ్వర ప్రసన్న అంటూ ఊరందరి శుభలేఖలు శ్రీలన్నీ మింగేశాయి. శ్రీ తీసి మరొక గురువు పెడితే పదమూడవ అక్షరం దగ్గర యతి చెడుతుంది. యతి దిద్దితే పాదం మారుతుంది. అది చెబితే ఆయన విసుక్కోలేదు. “అట్లనా? అయితే రేపు పొద్దుగాల రాండ్రి” అన్నాడు. ఎవరిదో శుభలేఖ రాత్రి అచ్చు ముగియగానే ఆ ఫారం విప్పి, అందులోని ‘శ్రీరస్తు’ నుండి ఊడదీసిన శ్రీని మా పద్యానికి పెట్టాడు. చేతితో చేసిన కానుక అంటే నా చెయ్యి ఒక్కటే కాదని నాకప్పుడు తెలిసింది. మా మిత్రుల్లో ఒకరు బల్లార్షాలో పనిచేసేవారు. పటం అక్కడ మంచి చట్రంతో కట్టించి, ప్యాసింజర్ బండిలో దారిపొడుగునా ఒళ్లో పెట్టుకొని తెచ్చారు.

ఇటువంటి కానుకకు చదివింపుల పుస్తకంలో లెక్క ఎట్లా వ్రాస్తారు? ఆ పుస్తకం నిజానికి అప్పుల పుస్తకం. వారింటి పెండ్లికి తిరిగి ఎంత చదివించాలో చూసుకోవడానికి దాచేది. ఒక ఇంటి పుస్తకంలో స్టీలు గిన్నెలకూ, గోడ గడియారానికీ నడుమ ఒక పేరుకెదురుగా ‘పద్యాలు 5’ అని వ్రాసి ఉండగా చూశాను. పాపం ఆ లెక్కలాయన తన ధర్మం తాను నెరవేర్చాడు. ఆ బాకీ ఎట్లా తీర్చుకున్నారో మరి.

ఇప్పటిదాకా మగవారి సంగతే చెప్పాను. నేను చూసిన పంచరత్నాలలో దాదాపు అన్నీ వరుని స్నేహితులు ఇచ్చినవే. పెండ్లికూతురికి స్నేహితురాళ్లు లేరా? ఉన్నారు. వారి చేతిపని వేరు రకం. మెత్తల గలీబుల మీద రంగుదారంతో రెండు చిలుకలు, వాటి కింద ఇంగ్లీషు అక్షరాల్లో ‘స్వీట్ డ్రీమ్స్’. క్రోషా అల్లిన టీవీ కవరు. ప్లాస్టిక్ వైరు బుట్ట. గుమ్మానికి వేలాడే పూసల తోరణం. నల్లగుడ్డ మీద ఊలుతో కుట్టి పటం కట్టిన ‘వెల్‌కమ్’. బడిలో కుట్టు టీచర్ నేర్పిన పని, టైలరింగ్ లోయర్, హయ్యర్ పరీక్షలకు సాధన చేసిన పని అది. పద్యానికి పట్టిన పదిహేను రోజుల కన్న ఎక్కువే పట్టి ఉంటుంది. కాని వాటి మీద పేరు లేదు. తేదీ లేదు. ‘ఇట్లు’ లేదు. మా పటం గోడకెక్కింది. వారి గలీబు ఉతికి ఉతికి చిరిగి, మసిగుడ్డగా మారి పోయింది. మన బొంతలకు దగ్గరివైన క్విల్టులను అమెరికాలో 1840ల నాటి స్త్రీలు స్నేహితులంతా కలిసి తలా ఒక ముక్క కుట్టి, ప్రతి ముక్క మీదా సిరాతో సంతకాలు చేసి ఇచ్చుకున్నారు. సంతకం ఉండబట్టే ఎవరు ఎవరికి స్నేహితులో ఇవాళ చరిత్రకారులు చదవగలుగుతున్నారు. మన అక్కచెల్లెళ్లు నేర్చిన కుట్లు తక్కువవి కావు. పేరు కుట్టుకోవచ్చునన్న మాట వారికి ఎవరూ చెప్పలేదు. లగ్గపు పాటల్లో వియ్యపురాలిని వరుసపెట్టి ఆడిపోసుకునే చొరవ ఉన్నవారికి తమ పేరు మాత్రం బరువైంది. వరంగల్ ప్రాంతపు దేవనూరులో పుట్టిన బిరుదురాజు రామరాజుగారు జానపద గేయాలపై పరిశోధన చేయడంతో స్త్రీల పాటలకు గ్రంథగౌరవం దక్కింది. స్నేహితురాళ్ల కుట్టుపనికి అటువంటి ఆప్తుడు ఎవరు?

పద్యపత్రాల గతీ గొప్పగా లేదు. అచ్చయినవి గదా, ఏదో ఒక గ్రంథాలయంలో ఉంటాయనుకోవడానికి వీల్లేదు. పుస్తకాల నమోదుకు మనదేశంలో చాలాకాలం ఆధారమైన 1867 నాటి చట్టం పుస్తకాన్నీ, కరపుస్తకాన్నీ, విడిగా అచ్చయిన సంగీతపు పుటనూ, పటాన్నీ కూడా ‘పుస్తకం’ అన్నది. ఒంటి కాగితం మీది పద్యాలను అందులో ప్రత్యేకంగా పేర్కొనలేదు. కాబట్టి అవి ఇండ్లలో ఉంటే ఉన్నట్లు, లేకపోతే లేనట్లు. ఇల్లు పడగొట్టి కట్టేటప్పుడు పటం దిగుతుంది, కొత్త గోడకు మళ్లీ ఎక్కదు. అద్దం, చట్రం పాతసామాను వానికి పోతాయి. చవక కాగితం గనుక ముట్టుకుంటే పెళపెళ విరుగుతుంది. 1990ల తరువాత డీటీపీ వచ్చి సీసపు అక్షరాలు పోయాయి. తరువాత ఫ్లెక్సీలు వచ్చాయి. ఫ్లెక్సీలను చూసి నాతోటి పండితులు ముఖం చిట్లిస్తారు. నాకు అంత కోపం లేదు. వధూవరుల బొమ్మల కింద చిన్న చిన్న గుండ్రాలలో మిత్రబృందం ముఖాలు వేస్తారే, అది మా ‘ఇట్లు’కు మనవడే. పద్యం పోయింది, పేర్ల వరుస మిగిలింది. మరునాటికి అది కోళ్లగూటి మీద కప్పు అవుతుంది, అంతే తేడా.

ఈమధ్య ఆడపిల్లలు నిశ్చితార్థానికి ఉంగరాల పళ్లెం తామే పూసలు, అద్దాలు కూర్చి చేసి ఇస్తున్నారు. పెండ్లికూతురు పట్టుకునే కొబ్బరిబొండానికి రంగులు వేసి ఇద్దరి పేర్లూ వ్రాస్తున్నారు. మా వీధిలో ఒక పిల్ల అటువంటి పళ్లెం చేస్తుంటే, అడుగున నీ పేరూ తేదీ వ్రాయమ్మా అన్నాను. “ఎందుకు తాతా, అది తెలుసు గదా” అన్నది. అయినా వ్రాసింది.

మిత్రుల ఇండ్లలో పాత పంచరత్నాలు ఉంటే ఫోటో తీసి ఉంచండి. అడుగున చిన్న అక్షరాల్లో ఉండే ప్రెస్సు పేరు, ఊరు తప్పకుండా పడేటట్లు తీయండి. వీలైతే పటం వెనుక అట్ట కూడా జాగ్రత్తగా విప్పి చూడండి. అట్టకూ కాగితానికీ నడుమ కొన్నిసార్లు చేతివ్రాత ప్రతి దొరుకుతుంది. రెండేళ్ల కింద మడికొండలో నేనట్లా విప్పించిన ఒక పటంలో నోటుబుక్కు నుండి చింపిన కాగితం దొరికింది. వధువును గురించిన మూడవ పద్యం అచ్చులో శార్దూలం. చేతివ్రాతలో అదే భావం ఉత్పలమాలలో ఉన్నది, పేరు రావలసిన చోట ఖాళీ వదిలి ఉన్నది. కాగితం మీద వేసిన తేదీ లగ్నానికి ఏడు నెలల ముందుది.